‘బాప్తిస్మము’ మాట మార్చొద్దు, అర్థం మాత్రం చెప్పండి

తెలుగు బైబిలు అనువాదం, సవరణ పనిలో ఉన్న పెద్దలకు, సంఘాల్లో బాప్తిస్మపు తరగతులు చెప్పే పాస్టరుగార్లకు,

వందనాలు.

నేను ఒంగోల్లో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషిని. పెళ్లి కార్డులు, సంఘ పత్రికలు, పాటల పుస్తకాలు, జ్ఞాపకార్థ కూటాల కరపత్రాలు, ఏదైనా చివరికి నా బల్ల మీదికి రావాల్సిందే. పోయిన ఏడాది క్రిస్మస్‌కు ముందు ఒక సంఘంవాళ్లు సర్టిఫికెట్లు అచ్చుకిచ్చారు. ఒక్క పేజీ కాగితం. అందులో ఆ మాట మూడు చోట్ల ఉంది. పైన పెద్దక్షరాల్లో ‘బాప్తీస్మము’, మధ్యలో ‘బాప్తిస్మము’, కింద సంతకం దగ్గర ‘బాప్టిజం ఇచ్చినవారు’. ఏది ఉంచమంటారని ఫోన్ చేస్తే అవతలివాళ్లు కాసేపు ఆలోచించి, “బైబిల్లో ఎట్టుంటే అట్టా పెట్టండి సార్” అన్నారు. సరే, ఆ సంగతి తేలిపోయింది.

తేలనిది ఇంకొకటి ఉంది. ప్రూఫు చూసుకోవడానికి ఆ సంఘంలోని ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. చదువు రాదు. కాగితం మొత్తం మనవడి చేత చదివించుకుని విన్నది. తన పేరు, ఊరు, తండ్రి పేరు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుంది. ఎప్పుడో యాభై ఏళ్ల కిందటి దానికి ఇప్పుడు ఏదో అవసరం పడి సర్టిఫికెట్టు రాయించుకుంటోంది. అంతా అయ్యాక, “నాయనా, ఆ మాటకు అర్థమేంది?” అంది.

“ఏ మాటమ్మా?”

“అదే, బాప్తిస్మం.”

“అంటే... మీరు తీసుకున్నదే కదమ్మా” అన్నాను.

“అది నాకు తెల్సులే. గుండ్లకమ్మలో మునిగినదాన్నే. మాటకు అర్థం అడుగుతుండా.”

ఆ మాటలో దీర్ఘం ఉందా లేదా అని ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నవాణ్ణి. నోరు పెగల్లేదు. ఏదో పవిత్రమైన కార్యం అని నసిగాను. ఆవిడ తల ఊపి వెళ్లిపోయింది. ఆవిడ అడిగిన మాటలోనే జవాబు ఉందని ఆ తర్వాత వెలిగింది. ‘మునిగినదాన్నే’ అంది చూశారా, అదే దాని అర్థం.

ఆ రోజు నుంచి ఈ మాట వెంట పడ్డాను. తెలుసుకున్నది మీ ముందు పెట్టి, చివర ఒక చిన్న పని అడుగుతాను. 

గ్రీకులో ‘బాప్తో’ అని ఒక క్రియ ఉంది. దాన్నుంచి ‘బాప్తిజో’ అనే ఇంకో క్రియ పుట్టింది. బాప్తో అంటే మనం ‘అద్దు’ అనే పనే. ఇడ్లీ ముక్కను చట్నీలో అద్దుకుంటాం. మచిలీపట్నంలో, పెడనలో బట్టకు రంగు అద్దుతారు, ఆ పనికి అద్దకం అనే పేరు. గ్రీకువాళ్లకూ అంతే, ముక్కను పులుసులో ముంచడమూ బాప్తోయే, బట్టకు రంగు పట్టించడమూ బాప్తోయే. రెండు భాషలకూ చుట్టరికం లేకపోయినా మాట మాత్రం ఒకేలా నడిచింది. చివరి భోజనం దగ్గర యేసు రొట్టె ముక్క ముంచి యూదాకు ఇచ్చినప్పుడు (యోహాను 13:26) మూలంలో ఉన్నది ఈ బాప్తోనే.

బాప్తిజో ఇంకాస్త లోతు. గారెను చట్నీలో అద్దుకు తినడం వేరు, పెరుగులో ముంచి ఆవడ చేయడం వేరు కదా. ఓడలు మునిగిపోయాయని చెప్పడానికి పాలిబియస్, జోసీఫస్ లాంటి చరిత్రకారులు ఈ క్రియే వాడారు. ప్లేటో రాసిన విందు సంభాషణలో అరిస్టోఫనీస్ అనే నాటకకర్త, నిన్న రాత్రి మునిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి అంటాడు. మునిగింది నీళ్లలో కాదు, ద్రాక్షసారాలో. ప్లూటార్క్ అయితే ఓథో అనే రోమన్ దొరగారు అయిదు కోట్ల ద్రాక్మాల అప్పులో ‘మునిగి’ ఉన్నాడని రాశాడు. అక్కడా ఇదే మాట. మా వీధి చివర టీ బంకు దగ్గర ఎవరి సంగతైనా మాట్లాడుకునేటప్పుడు కూడా ఇలాగే అంటారు, పీకల్దాకా అప్పుల్లో మునిగిపోయాడని. 

అంటే మొదట ఇది గుడి మాట కాదు. బజారు మాట, వంటింటి మాట, రేవు మాట. బాప్తిస్మమిచ్చు యోహాను యొర్దాను నది ఒడ్డున నిలబడి జనాన్ని పిలిచిన సంగతిని సువార్తలు రాసినవాళ్లు గ్రీకులో పెట్టినప్పుడు, వినేవాళ్లకు అర్థం అడగాల్సిన పని లేకపోయింది. పెద్దావిడకు వచ్చిన సందేహం వాళ్లకు రాలేదు.

ఇక్కడ ఒక వచనం దగ్గర ఆగుతాను. యాకోబు, యోహాను అనే అన్నదమ్ములు వచ్చి, నీ మహిమలో మమ్మల్ని కుడివైపు ఒకరిని, ఎడమవైపు ఒకరిని కూర్చోబెట్టుకో అని అడుగుతారు. నేను తాగే గిన్నెలోది మీరు తాగగలరా, నేను పొందే బాప్తిస్మం మీరు పొందగలరా అని యేసు తిరిగి అడుగుతాడు (మార్కు 10:38). చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. ఆయనకు బాప్తిస్మం మొదట్లోనే అయిపోయింది కదా, మళ్లీ ఏమిటి అనుకున్నాను. టీచరమ్మను అడిగితే శ్రమలని అర్థంలే, కూర్చో అంది. ఆమె చెప్పింది తప్పు కాదు. కానీ ఆ అర్థం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకూ ఎవరూ చెప్పి ఉండరు. నేను మునగబోయే దాంట్లో మీరు మునగగలరా అని చదివి చూడండి. నీళ్లు నా ప్రాణం మీద పొర్లుతున్నాయని మొరపెట్టిన 69వ కీర్తన వెంటనే గుర్తొస్తుంది. కష్టాల్లో మునిగిపోయాను అని రోజూ అనే మనకు ఆ వచనం విడమర్చి చెప్పాల్సిన అవసరమే ఉండదు. కావలసిందల్లా ఆ మాటకున్న తలుపు ఎవరో ఒకరు తీసి పెట్టడం.

మాట మన భాషలోకి ఎలా వచ్చిందో దాని ఒంటి మీదే రాసి ఉంది. గ్రీకులో నామవాచకం ‘బాప్తిస్మ’. దానికి మన ‘ము’ తగిలిస్తే బాప్తిస్మము. పుస్తకానికి, పద్యానికి తగిలించినట్టే. అందులో ఉన్న ‘త’ను చూడండి. ఇంగ్లీషు నోట్లోంచి వచ్చిన మాటకు మనం ‘ట’ పెడతాం. టేబులు, టికెట్టు, డాక్టరు. అందుకే సంఘం పేరు బాప్టిస్టు. కానీ ఆ బాప్టిస్టు సంఘంలో జరిగేది బాప్తిస్మం! ఒకే గ్రీకు మొక్కకు రెండు కొమ్మలు, ఒకటి పాత పుస్తకాల దారిలో వచ్చింది, ఇంకోటి ఇంగ్లీషు దారిలో వచ్చింది. పెంతెకొస్తు పండుగ, పెంటెకోస్టల్ చర్చి కూడా ఇదే జత. క్రీస్తు, అపొస్తలుడు, తిమోతి, తీతు అన్నీ ‘త’ వర్గమే. (అన్నట్టు, గ్రీకులో ఆ ‘తి’ హ్రస్వమే. సర్టిఫికెట్లలో దీర్ఘం పెట్టేవాళ్లు గమనించగలరు. ఇది నా వృత్తి రోగం, క్షమించాలి.)

ఇక అనువాదకుల సంగతి. వాళ్లకు అర్థం తెలియక మాటను అలాగే ఉంచేశారనుకుంటే పొరపాటు. మన పాత తెలుగు బైబిల్లోనే సాక్ష్యం ఉంది. కుష్ఠరోగి అయిన నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగాడని రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో చదువుతాం. ఆ గ్రంథం పాత గ్రీకు అనువాదంలో అక్కడ ఉన్నది బాప్తిజోనే. మార్కు 7వ అధ్యాయంలో గిన్నెలు, కుండలు, ఇత్తడి పాత్రలు కడగడం గురించి ఉంది. కడగడం అని తెలుగులో పెట్టిన చోట గ్రీకులో ‘బాప్తిస్మోస్’. హెబ్రీ పత్రిక 9వ అధ్యాయంలో అదే మాటకు ‘ప్రక్షాళన’ అని పెట్టారు. గిన్నెల దగ్గరికొస్తే కడగడం, యూదుల ఆచారాల దగ్గరికొస్తే ప్రక్షాళన, మన ఆచారం దగ్గరికొచ్చేసరికి మాత్రం గ్రీకు మాట గ్రీకు మాటగానే ఉండిపోయింది.

ఇది తెలుగువాళ్లు మొదలుపెట్టిన పని కాదు. 1611లో కింగ్ జేమ్స్ బైబిలు అచ్చయినప్పుడు దానికి పాఠకులను ఉద్దేశించి ఒక ముందుమాట రాశారు. ప్యూరిటన్లు పాత చర్చి మాటలు వదిలేసి, బాప్తిస్మానికి బదులు ‘కడగడం’ అని, చర్చికి బదులు ‘సమాజం’ అని పెడుతున్నారు, మేము ఆ జోలికి పోలేదు అని అందులో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. ఎవరికీ కోపం రాకుండా ఉండాలంటే మాటను ముట్టుకోకుండా వదిలేయడం మేలు. ఆ మాటను ఎవరి అర్థం వాళ్లు చెప్పుకుంటారు. ముంచేవాళ్లు ముంచుకుంటారు, చిలకరించేవాళ్లు చిలకరించుకుంటారు. 

కోపాలు ఎంత దూరం పోగలవో బెంగాల్లో తెలిసొచ్చింది. అమెరికా నుంచి 1812లో ఓడెక్కిన అడొనిరాం జడ్సన్ అనే మిషనరీ అప్పటికి శిశువుల తలమీద నీళ్లు పోసే సంప్రదాయంవాడు. కలకత్తాలో దిగాక బాప్టిస్టు మిషనరీలతో వాదించాల్సి వస్తుందేమోనని ఓడలోనే గ్రీకు ముందేసుకుని ఈ మాటను తిరగేశాడు. తిరగేసి తిరగేసి తానే మారిపోయాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో కలకత్తాలో బాప్టిస్టు మిషనరీ విలియం వార్డ్ చేతుల మీదుగా నీళ్లలో మునిగాడు. తనను పంపిన సంఘానికి రాజీనామా ఉత్తరం రాశాడు. తర్వాత బర్మా వెళ్లి బర్మీస్ బైబిలు తయారుచేసినప్పుడు గ్రీకు మాటను పక్కన పెట్టి, ముంచడం అనే బర్మీస్ మాటే పెట్టాడు. ఇవాళ్టికీ బర్మాలో బాప్టిస్టులను పిలిచే మాట అదే.

బెంగాలీలోనూ కలకత్తా, శ్రీరాంపూర్ బాప్టిస్టులు ముంచడం అనే అర్థం వచ్చే మాటే వాడారు. ఆ బెంగాలీ బైబిలు అచ్చుకు డబ్బు అడిగితే లండన్‌లోని బైబిలు సొసైటీ ఇవ్వలేమంది. అమెరికన్ బైబిల్ సొసైటీ కూడా, ఇంగ్లీషు బైబిలు పద్ధతికి ఒప్పే అనువాదాలకే సాయం చేస్తామని 1836లో తీర్మానం చేసింది. దాంతో అమెరికా బాప్టిస్టులు వేరుపడి తమ బైబిలు సొసైటీ పెట్టుకున్నారు. 1840లో ఇంగ్లండులోనూ అదే జరిగింది. ఒక్క క్రియాపదం మీద రెండు దేశాల్లో సంస్థలు చీలాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగు దేశంలో అడుగుపెట్టింది కూడా ఆ 1836లోనే. ఆయన మొదలుపెట్టిన మిషనే తర్వాత నెల్లూరికి, అక్కణ్ణుంచి మా ఒంగోలుకు వచ్చింది.

మా ఒంగోలు అన్నాక గుండ్లకమ్మ చెప్పకుండా ముందుకు పోలేను. 1876 నుంచి 1878 దాకా నడిచిన పెద్ద కరువులో మా ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో చచ్చిపోయేవాళ్లకు పని పెట్టించాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం చేరారనే మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని ఏటిలో నిలబడ్డారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్లు. ఊరి బావిలో చేద వేయనివ్వని రోజులవి. నడుం లోతు నీళ్లలోకి దిగి, ఇంకో మనిషి చేతుల మీద వెనక్కి వాలి, నీళ్లు ముఖం మీదుగా మూసుకుని, మళ్లీ లేవడం. ఆ మనుషులకు నిఘంటువు అవసరమా? పెద్దావిడ చెప్పిన గుండ్లకమ్మ ఆ గుండ్లకమ్మే. మా అమ్మా అందులోనే. మా సంఘానికి ఇప్పుడు ప్రార్థనా మందిరం వెనక టైల్స్ వేసిన తొట్టి ఉంది. పైపు పెట్టి నింపుతారు.

సరే, మరి తెలుగులో ‘ముంచడం’ అనే పెట్టి ఉండాల్సిందా? ఇక్కడే నేను మీ ఇబ్బంది అర్థం చేసుకోగలను. బాప్తిస్మమిచ్చు యోహానును ‘ముంచే యోహాను’ అంటే ఎలా ఉంటుంది? వాడు నన్ను నిండా ముంచాడు అంటాం. కొంప ముంచాడు అంటాం. చిట్‌ఫండువాడు ఊరు మొత్తాన్ని ముంచి పోయాడు అంటాం. ‘పాస్టరుగారు మా నాన్నను ముంచారు’ అని ఏ సాక్ష్యంలోనైనా చెబితే జనం వేరే అర్థం తీసుకుంటారు. అందుకే మనవాళ్లు వాడుకలో ‘ముంచారు’ అనకుండా ‘మునిగాడు’ అంటారు, గమనించారా? ఫలానావాడు మునిగాడంట అంటే చాలు, ఏ ఏట్లోనో కూడా చెప్పేస్తారు. గ్రీకు బాప్తిజోకూ ఈ మచ్చ ఉంది మరి. ఓడలు ముంచేది, మనిషిని అప్పుల్లో ముంచేది అదే. సువార్తలు రాసినవాళ్లు ఆ మచ్చకు భయపడలేదు. పైగా దాన్ని వాడుకున్నారు. బాప్తిస్మంలో పాతిపెట్టబడ్డాం అని పౌలు రోమీయులకు రాసింది (6:4) ఆ ధైర్యంతోనే.

పక్క భాషలవాళ్లు తలా ఒక దారి పట్టారు. తమిళులు చాలాకాలం జ్ఞానస్నానం అన్నారు, ఇప్పుడు అక్కడి కాథలిక్కుల బైబిల్లో ‘తిరుముళుక్కు’, అంటే పవిత్రమైన మునక. కన్నడంలో దీక్షాస్నానం. కేరళ సిరియన్ క్రైస్తవులు సిరియాక్ భాషనుంచి తెచ్చుకున్న ‘మామోదీస’ దగ్గరే ఉన్నారు. హిందీవాళ్లు మనలాగే గ్రీకు మాటను కొద్దిగా అరగదీసి బపతిస్మా అంటున్నారు. మన తెలుగు కాథలిక్కులు జ్ఞానస్నానం అంటారు. మా బాప్టిస్టుల్లో కొందరు ఆ మాటను తేలిగ్గా తీసిపారేస్తారు, మూలంలో జ్ఞానం ఎక్కడుంది అని. కాస్త ఆగాలి. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవుడు, ఈ స్నానాన్ని ‘వెలుగు’ అని పిలుస్తారని రాశాడు, నేర్చుకున్నవాళ్ల మనసు వెలుగుతుంది గనక. జ్ఞానమూ స్నానమూ పక్కపక్కన ఉన్నాయి అందులో. తీతు పత్రికలో ‘పునర్జన్మసంబంధమైన స్నానము’ అనే మాట మన పాత బైబిల్లోనే ఉంది. స్నానం అంటే మనకేమీ పరాయి మాట కాదు, పుష్కరాల పేరు చెబితేనే గోదారి గట్లు నిండిపోయే నేల ఇది. పల్లెల్లో తానం అంటారు.

గ్రీకు మాటను అలాగే ఉంచడంతో తెలుగులో ఒక నష్టం జరిగింది. దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. గ్రీకులో అది క్రియ. ఒకరు ముంచుతారు, ఒకరు మునుగుతారు. మనం నామవాచకాన్ని తెచ్చుకున్నాం కాబట్టి దానికి ఇంకో క్రియ తగిలించాలి. ఇవ్వడం, తీసుకోవడం, పొందడం. బాప్తిస్మం ఇచ్చారు, బాప్తిస్మం తీసుకున్నాను. టీకా తీసుకున్నట్టు, డిగ్రీ పుచ్చుకున్నట్టు. చేసే పని కాస్తా చేతికిచ్చే వస్తువైపోయింది. వస్తువు అన్నాక సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు అన్నాక అది అసలుదా నకిలీదా అనే పేచీ.

ఆ పేచీ మా ఇంట్లోకీ వచ్చింది. మా ఆవిడది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. పసిపాపగా ఉన్నప్పుడే తలమీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారు. మా పెళ్లి కుదిరాక, మా వైపు సంఘంలో ఒక పెద్దమనిషి అడ్డం తిరిగాడు. “గ్రీకులో ఆ మాటకు అర్థమే ముంచడం. ముంచకపోతే అది బాప్తిస్మమే కాదు. అమ్మాయి మళ్లీ తీసుకుంటేనే పెళ్లి” అన్నాడు. గ్రీకు అక్షరం ఒక్కటి ఆయనకు రాదు. నాకూ రాదు అప్పటికి. మా మామగారు ఏమీ అనలేదు గానీ మా అత్తగారు ఆ రాత్రంతా ఏడ్చిందట, నా బిడ్డ ఇన్నాళ్లూ ఏమీ కానట్టేనా అని. మా ఆవిడ మునిగింది. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. పెద్దావిడ ప్రశ్నకు జవాబు వెతికే పనిలో పడి ఇంటికొచ్చి ఇవన్నీ చెబుతుంటే, “ఆ రోజు ఇది తెలిసుంటే నువ్వు నోరు తెరిచేవాడివా?” అని అడిగింది. తెరిచేవాణ్ణని చెప్పలేకపోయాను.

ఆ పెద్దమనిషి మాట అర్థం సరిగ్గానే చెప్పాడు. దాంతో చేసిన పని సరైంది కాదు. మాటకు మూలార్థం ముంచడమే అని మార్టిన్ లూథర్ కూడా ఒప్పుకున్నాడు. 1519 నాటి ప్రసంగంలో, జర్మన్ మాట ‘టౌఫె’ లోతు అనే మాటనుంచి వచ్చిందనీ, మనిషిని పూర్తిగా నీళ్లలో ముంచితేనే ఆ అర్థానికి నిండుదనమనీ చెప్పాడు. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హయ్యర్‌గారి సంఘం ఆ లూథర్ సంఘమే. అయినా పసిబిడ్డ తలమీద పోసిన గుప్పెడు నీళ్లు లూథర్ దృష్టిలో చెల్లనివి కావు. ఇంకా వెనక్కి పోతే ‘దిదఖే’ అనే చాలా పాత క్రైస్తవ పుస్తకం ఉంది. పారే నీళ్లలో బాప్తిస్మం ఇవ్వండి, పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో, చన్నీళ్లు కుదరకపోతే వేణ్ణీళ్లలో, రెండూ సరిపడా లేకపోతే తలమీద మూడుసార్లు పోయండి అని అందులో ఉంది. గ్రీకే ఇంటిభాష అయిన మనుషులు, ‘మునక’ అనే మాట వాడుతూనే, తలమీద నీళ్లు పోయమని చెప్పారు. వాళ్లకన్నా గ్రీకు మన పెద్దమనిషికి ఎక్కువ తెలుసా?

రెండో వైపు కూడా మాటను కర్రగా చేసుకున్న చరిత్ర ఉంది. పెద్దయ్యాక విశ్వాసంతో తీసుకునేదే బాప్తిస్మం అన్నందుకు 1527 జనవరిలో జూరిచ్ పట్టణంవాళ్లు ఫీలిక్స్ మాంజ్ అనే మనిషిని చేతులు కట్టి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. నీళ్లు కావాలన్నావుగా, తీసుకో అన్నట్టు. బాప్తిజోకున్న పాత అర్థం, ఓడలు ముంచే అర్థం, ఆయన మీద తీర్చుకున్నారు. మహబూబ్‌నగర్ వైపు ఉన్న మన మెన్నొనైట్ బ్రదరన్ సంఘాలు ఆ కోవలోంచి వచ్చినవే. 

అందుకే పెద్దలారా, మాట మార్చమని నేను అడగడం లేదు. ముంచడం అని మార్చితే సగం సంఘాలు ఆ బైబిలు పట్టుకోవు. బెంగాల్ కథ మళ్లీ మనకు అక్కర్లేదు. పైగా ఈ మాట రెండు శతాబ్దాలుగా మన నాలుక మీద ఆడి మనదైపోయింది, పల్లెల్లో బాత్తీసం అన్నా అదే, కార్డు మీద బాప్తిస్మ మహోత్సవం అన్నా అదే. నేను అడిగేది మత్తయి 3:1 కింద రెండు వరుసల గమనిక. ‘బాప్తిస్మమిచ్చు యోహాను’ అని ఆ మాట మొదటిసారి వచ్చేది అక్కడే. వివరణలతో వచ్చిన బైబిళ్లు లేకపోలేదు. నేననేది సంకల్లో పెట్టుకుని మందిరానికి పోయే మామూలు బైబిలు సంగతి. ఇలా ఉంటే చాలు:

‘బాప్తిస్మము: గ్రీకు మాట. ముంచడం, మునగడం అని అర్థం. పాత్రలు కడగడానికి, కష్టాల్లో మునగడానికి కూడా ఇదే మాట వాడేవారు. మార్కు 7:4, 10:38 చూడండి.’

ఎలా ముంచాలో, ఎప్పుడు ముంచాలో, పోస్తే చెల్లుతుందో లేదో ఆ గమనికలో ఒక్క ముక్కా వద్దు. అది ఏ సంఘానికి ఆ సంఘం చూసుకుంటుంది.

పాస్టరుగార్లకు విడిగా ఒక మాట. తరగతిలో మొదటి రోజే ఈ అర్థం చెప్పండి, పుస్తకంలోని ప్రశ్నజవాబుల కన్నా ముందు. పిల్లలకైతే అద్దకం, ఆవడ చెప్పినా సరిపోతుంది. అర్థం చెప్పాక, వేరే సంఘంనుంచి వచ్చిన పిల్ల ఎవరైనా ఆ తరగతిలో కూర్చుని ఉంటే, ఆ అర్థం చూపించి నీది చెల్లదు అనకండి. మీ సంఘం పద్ధతి ఇది, అందుకని అడుగుతున్నాం అని చెప్పండి. అది నిజం కూడాను. నేరం గ్రీకు మీద పెట్టొద్దు.

పెద్దావిడ సర్టిఫికెట్టు అచ్చయి తయారుగా ఉంది. మనవడు వచ్చి తీసుకుపోతానన్నాడు గానీ ఆవిణ్ణే తీసుకురమ్మని కబురు పెట్టాను. ఆ రోజు చెప్పలేని జవాబు చెప్పాలి.

ఆ గమనిక వేయడానికి మీరు ఒప్పుకుంటే ప్రూఫు నాకు పంపండి. డబ్బులు అక్కర్లేదు. దీర్ఘం మాత్రం పడనివ్వను.

ఇట్లు,
ఒంగోలు నుంచి ఒక ప్రూఫ్ రీడరు